కొలతలు చేతులతో నేర్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాథమిక తరగతుల్లో కొలతల పాఠం వచ్చినప్పుడల్లా టీచర్ల నుంచి, తల్లిదండ్రుల నుంచి అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని దశలవారీగా ఒకచోట పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. పిల్లలు అన్నచోట ఆరు నుంచి పదకొండేళ్ల మధ్య వయసు వాళ్లని అనుకోండి.

## మొదలుపెట్టే ముందు

కొలతల పాఠం స్కేలుతోనే మొదలుపెడితే తప్పేంటి?

స్కేలు మీద అంకెలు ముందే రాసి ఉంటాయి. వస్తువు చివర ఏ అంకె ఉందో చూసి చెప్పేస్తే సరిపోతుందని పిల్లలు అనుకుంటారు. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. పెన్సిల్‌ని స్కేలు మీద 2 దగ్గర మొదలై 9 దగ్గర ముగిసేలా పెట్టి పొడవెంతో అడగండి. స్కేలుతోనే కొలతలు మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది 9 అంటారు. వాళ్లకి అంకె చదవడం వచ్చింది, కొలవడం రాలేదు. ఒకే సైజు ముక్కల్ని ఖాళీ లేకుండా పేర్చి ఎన్ని పట్టాయో లెక్కపెట్టడమే కొలవడం. ఆ పని చేతులతో చేశాక స్కేలు ఇస్తే, అందులో దాగి ఉన్న ముక్కలు పిల్లలకి కనిపిస్తాయి. అందుకే వరస ఇలా ఉంటే మంచిది: ముందు రెండు వస్తువుల్ని పోల్చడం, తర్వాత దొరికిన వస్తువులతో కొలవడం, ఆ తర్వాతే స్కేలు, తూకం రాళ్లు, కొలపాత్రలు.

సామాన్లు కొనడానికి బడ్జెట్ లేదు. కనీసం ఏమేం ఉండాలి?

దారం, పాత న్యూస్‌పేపర్లు, కత్తెర, సుద్దముక్కలు, ఒకే సైజు పేపర్ క్లిప్పులు ఒక డబ్బాడు, రకరకాల ఆకారాల్లో ఖాళీ సీసాలు, ఇసుక, బట్టలు తగిలించే హ్యాంగర్ ఒకటి. వీటితో ముప్పాతిక వంతు పని అయిపోతుంది. రెండు మాత్రం అసలైనవే ఉండాలి: నమ్మదగ్గ మీటర్ టేపు, గీతలున్న లీటరు కొలపాత్ర. చేతితో తయారుచేసినవి సరిగ్గా ఉన్నాయో లేదో పిల్లలు వాటితో సరిచూసుకోవాలి.

ఒక్కో దశకి ఎన్ని పీరియడ్లు ఇవ్వాలి?

పీరియడ్లు లెక్కపెట్టకండి, పిల్లల మాటలు వినండి. "ఇది పొడుగ్గా ఉంది" అనే పిల్లలు "ఇది దానికంటే మూడు క్లిప్పులు ఎక్కువ పొడవుంది" అనడం మొదలుపెడితే ముందుకు వెళ్లొచ్చు. సిలబస్ టెన్షన్ అందరికీ ఉంటుంది. అయినా మొదటి రెండు దశల్లో తొందరపడితే ఆ లోటు తర్వాత భిన్నాల్లో, దశాంశాల్లో, వైశాల్యంలో బయటపడుతుంది.

## పోల్చడం

మా పిల్లలు అన్నిటికీ "పెద్దది" అనే ఒక్క మాటే వాడుతున్నారు. ఎలా మార్పించాలి?

ఒకే వస్తువుల గుంపుని మూడుసార్లు వరసలో పెట్టించండి. ఖాళీ అట్టపెట్టె, రాయి, పొడవాటి కర్ర, చిన్న బకెట్, దారపు ఉండ చాలు. మొదటిసారి పొడవుని బట్టి, రెండోసారి బరువుని బట్టి, మూడోసారి ఎంత ఇసుక పడుతుందో దాన్ని బట్టి. మూడోసారి కర్ర, రాయి, దారపు ఉండ వరసలోకే రావు, ఎందుకు రావో పిల్లలే చెప్పాలి. మొదటిసారి ముందున్నది రెండోసారి వెనక్కి పోతుంది. అప్పుడు "మరి ఏది పెద్దది?" అని అడగండి. "దేంట్లో పెద్దది?" అని ఎవరో ఒకరు ఎదురు ప్రశ్న వేస్తారు. మీకు కావాల్సింది ఆ ప్రశ్నే. ఆ రోజు నుంచి క్లాసులో పొడవైనది, బరువైనది, ఎక్కువ పట్టేది అనే మాటలే వాడండి, మీరు కూడా.

రెండు దారాలు ఎదురుగా ఉన్నా ఏది పొడవో తప్పు చెప్తున్నారు. ఎందుకు?

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, రెండు దారాల మొదళ్లు ఒకే గీత మీద పెట్టకుండా చివర మాత్రమే చూస్తున్నారు. నేల మీద సుద్దతో ఒక గీత గీసి, ప్రతి పోలికా అక్కడే మొదలవ్వాలని అలవాటు చేయండి. రెండోది కాస్త లోతైనది. దారాన్ని వంకరగా పెడితే దాని పొడవు తగ్గిపోయిందని చిన్నపిల్లలు నిజంగానే నమ్ముతారు. ఆకారం మారినా పొడవు మారదనే ఎరుక వయసుతో, అనుభవంతో వస్తుందని స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే పరిశీలనలు ప్రపంచానికి తెలిపాయి. కాబట్టి తప్పని చెప్పి వదిలేయకండి. దారాన్ని లాగి పెట్టించండి, మళ్లీ వంకర చేయించండి, మళ్లీ లాగించండి. ఈ పని ఎన్నిసార్లు చేస్తే అంత మంచిది.

గుమ్మం వెడల్పుని, బల్ల పొడవుని పక్కపక్కన పెట్టలేం కదా. ఎలా పోల్చించాలి?

ముందు సలహా ఇవ్వకండి. "బల్ల ఈ గుమ్మంలోంచి అడ్డంగా పడుతుందా?" అని అడిగి వదిలేయండి. కొందరు చేతులు చాపి ఆ దూరాన్ని అలాగే పట్టుకుని నడుచుకుంటూ వస్తారు. దారిలో చేతులు కదిలిపోయాయని వాళ్లకే తెలుస్తుంది. కదలనిది ఏదైనా కావాలన్న అవసరం అక్కడే పుడుతుంది. అప్పుడు దారం ఇవ్వండి. బల్లకంటే దారం పొడవు, దారం కంటే గుమ్మం వెడల్పు ఎక్కువ, కాబట్టి బల్ల పడుతుంది అన్న తర్కం చిన్న విషయం కాదు. కొలత పరికరాలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

## జానలు, అడుగులు, క్లిప్పులు

చివరికి సెంటీమీటర్లే కదా. జానలతో కొలవడం టైం వేస్ట్ కాదా?

కాదు, ఒక షరతు మీద. ఊరికే కొలిచి పుస్తకంలో రాసుకుంటే మాత్రం వేస్టే. జానలతో కొలవడంలో ఉన్న ఇబ్బంది పిల్లలకి తగలాలి. దానికి నాకు నచ్చిన పద్ధతి ఇది. ఒక జట్టు "మాకు ఆరు జానల పొడవు కాగితపు పట్టీ కావాలి" అని చీటీ రాసి ఇంకో జట్టుకి పంపాలి. వాళ్లు తమ జానలతో కత్తిరించి పంపిస్తారు. పట్టీ సరిపోదు, లేదా మిగులుతుంది. చీటీలో సంఖ్య సరిగ్గానే ఉంది, కొలిచినవాళ్లూ జాగ్రత్తగానే కొలిచారు, అయినా పని చెడింది. అందరికీ ఒకే యూనిట్ ఎందుకు కావాలో అప్పుడు పిల్లలే మీకు చెప్తారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చాక సెంటీమీటర్ గురించి చెప్పండి, శ్రద్ధగా వింటారు.

ఒకే బల్లకి ఒకరు 7 అంటారు, ఒకరు 9 అంటారు. ఏది కరెక్ట్ అని చెప్పాలి?

ఇద్దర్నీ అందరి ముందు మళ్లీ కొలవమనండి. తేడాకి కారణం చెయ్యి సైజా, కొలిచిన తీరా అన్నది క్లాసే కనిపెట్టాలి. చెయ్యి చిన్నదైతే 9 కూడా సరైనదే. మధ్యలో సందు వదిలితే, లేదా ఒక జాన మీద ఇంకో జాన ఎక్కితే అది సరిచేయాల్సిన తప్పు. ఈ రెండిటి మధ్య తేడా తెలియడం జవాబుకంటే విలువైనది.

క్లిప్పులు పేర్చేటప్పుడు మధ్యలో ఖాళీలు వదిలేస్తున్నారు. ఎంత చెప్పినా అంతే.

చెప్పడం వల్ల పోదు. ఖాళీ వదిలితే ఏమవుతుందో కంటికి కనిపించాలి. ఒకే పొడవున్న రెండు పట్టీలు పక్కపక్కన అంటించండి. ఒకదాని మీద క్లిప్పులు దగ్గరగా, ఇంకోదాని మీద ఎడంగా పేర్పించండి. సమాన పొడవుకి రెండు వేర్వేరు సంఖ్యలు వస్తాయి. ఆ వైరుధ్యం పిల్లల్ని ఊరుకోనివ్వదు.

తర్వాతి మెట్టు ఇంకా ముఖ్యం: బల్ల మొత్తం పేర్చడానికి చాలినన్ని క్లిప్పులు ఇవ్వకండి. మూడే ఇవ్వండి. చివరిదాకా వెళ్లి, మొదటి క్లిప్పు తీసి ముందుకి పెట్టుకుంటూ పోవాలి. ఆ తర్వాత ఒక్క క్లిప్పే ఇవ్వండి. ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టుకోవాలని అప్పుడు తెలుస్తుంది. స్కేలు మీద గీతలు చేసే పని అదే.

యూనిట్ చిన్నదైతే సంఖ్య పెద్దదవుతుందన్నది పిల్లలకి ఎక్కట్లేదు.

ఎందుకంటే "చిన్న" అన్న మాట "చిన్న సంఖ్య"ని గుర్తుచేస్తుంది. స్ట్రాలతో బల్ల కొలవండి. 8 వచ్చిందనుకుందాం. ఆ స్ట్రాలని సగానికి కత్తిరించే ముందు, ఇప్పుడెన్ని పడతాయో పలక మీద రాయమనండి. చాలామంది 4 అని రాస్తారు. రాశాకే కత్తిరించండి. తాము రాసిన దానికి భిన్నంగా 16 వచ్చినప్పుడు కలిగే ఆశ్చర్యం లేకపోతే ఈ విషయం నిలవదు. ముందే మీరు చెప్పేస్తే ఆ అవకాశం పోతుంది.

చివర్లో సగం ముక్క మిగిలితే ఏం రాయించాలి?

"7 కంటే ఎక్కువ, 8 కంటే తక్కువ" అని రాయించండి. చిన్నపిల్లలకి అది చాలు, అబద్ధం కూడా కాదు. కాస్త పెద్దవాళ్లయితే క్లిప్పుని సగానికి, పావుకి ఎలా చూడాలో ఆలోచిస్తారు. భిన్నాలు అవసరంగా పుట్టే చోటు ఇదే.

## స్కేలు, టేపు

స్కేలుని మొదటిసారి ఎలా పరిచయం చేయాలి?

ఇవ్వకండి, చేయించండి. గళ్ల కాగితం నుంచి 1 సెం.మీ. గళ్లు కత్తిరించి, ఒకటి ఎరుపు ఒకటి తెలుపు చొప్పున అట్ట పట్టీ మీద ఆనించి అంటించమనండి. ఆ పట్టీతో కొన్ని వస్తువులు కొలిపించండి. ప్రతిసారీ గళ్లు మొదటి నుంచి లెక్కపెట్టడం విసుగు పుడుతుంది. "అంకెలు వేసుకుందాం" అని వాళ్లే అంటారు. అంకె ఎక్కడ వేయాలి, గడి మధ్యలోనా, గడి ముగిసే చోటా? ఈ చర్చకి పూర్తి పీరియడ్ ఇచ్చినా నష్టం లేదు. గడి ముగిసే చోట వేస్తే, అప్పటిదాకా ఎన్ని గళ్లు అయ్యాయో ఆ అంకె చెప్తుంది. అప్పుడు పట్టీ మొదట్లో ఏ అంకె ఉండాలని అడగండి. సున్నా అక్కడికి ఎందుకొచ్చిందో తెలిసిన పిల్లలు ఇక దాన్ని వదిలేయరు.

స్కేలు మీద 1 దగ్గర నుంచి మొదలుపెడుతున్నారు. ఎలా సరిచేయాలి?

లెక్కపెట్టడం ఎప్పుడూ ఒకటితోనే మొదలవుతుంది కాబట్టి పిల్లలు అలా చేయడంలో ఒక న్యాయం ఉంది. వాళ్లు గీతల్ని లెక్కపెడుతున్నారు, మనకి కావాల్సింది గీతల మధ్య ఉన్న జాగా. వేలితో ఒక్కో సెంటీమీటరు మీద జరుగుతూ "ఒకటి, రెండు" అని పలికించండి. తర్వాత విరిగిన స్కేలు ఇవ్వండి, 4 నుంచి 13 వరకే ఉన్న కాగితపు స్కేలు అయినా సరే. దాంతో పెన్సిల్ కొలవగలిగితే ఆ పిల్లకి స్కేలు అర్థమైనట్టే. ఇంకో మాట. చాలా స్కేళ్లలో సున్నా గీత అంచుకి కాస్త లోపల ఉంటుంది. అంచు నుంచి కొలిచి తక్కువ చెప్పే పిల్లల్ని తప్పుపట్టే ముందు వాళ్ల స్కేలు చూడండి.

మీటర్ ఎంతో ఎవరు నిర్ణయించారని పిల్లలు అడిగితే?

మంచి ప్రశ్న, కథలా చెప్పండి. విప్లవ కాలంలో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఏ రాజు చెయ్యీ, ఏ రాజు పాదమూ కాకుండా భూమినే ఆధారం చేసుకోవాలనుకున్నారు. 1791లో, ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతుని మీటర్‌గా ఎంచుకున్నారు. అందుకే ఆ దూరం ఇప్పటికీ దాదాపు 10,000 కిలోమీటర్లు. 1799లో దానికి ప్లాటినం కడ్డీ తయారుచేశారు. 1960 నుంచి కడ్డీలతో పని లేదు. 1983 నుంచి, శూన్యంలో కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో వెళ్లే దూరమే మీటర్. తమ జానల గొడవ పెద్దవాళ్లకీ, దేశాలకీ ఉండేదని తెలిస్తే పిల్లలకి పాఠం మీద గౌరవం పెరుగుతుంది.

జవాబులో యూనిట్ రాయడం మర్చిపోతున్నారు. మార్కులు తీసేస్తున్నా మారట్లేదు.

మార్కుల కంటే అవసరం బాగా నేర్పుతుంది. ఒక జట్టు "12 పొడవు దారం కత్తిరించండి" అని మాత్రమే రాసిన చీటీ అందుకోవాలి. వాళ్లు 12 సెంటీమీటర్లు కత్తిరిస్తారో, 12 జానలో వాళ్లిష్టం. పెద్ద పిల్లలకైతే 1999లో జరిగిన సంగతి చెప్పండి. అంగారకుడి దగ్గరికి నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ దారి తప్పి నాశనమైంది. భూమి మీద ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో సంఖ్యలు ఇచ్చింది, వాటిని అందుకున్న ఇంకో సాఫ్ట్‌వేర్ అవి న్యూటన్ల లెక్కలో ఉన్నాయనుకుంది (రెండూ బలాన్ని కొలిచే వేర్వేరు యూనిట్లు).

అంచనా వేయమంటే, ముందు కొలిచేసి తర్వాత అంచనా గడి నింపుతున్నారు.

తప్పు చెప్తే చిన్నబోతామన్న భయం అది. అంచనాకి మార్కులు పెట్టకండి, రైట్, రాంగ్ గుర్తులు కూడా వద్దు. స్కేళ్లు అందని చోట పెట్టి, దూరంగా ఉన్న వస్తువుకి అంచనా అడగండి. ఒకే సంఖ్య కాకుండా "కనీసం ఇంత, మించితే ఇంత" అని రెండు చెప్పనివ్వండి. కొలత సగంలో ఉన్నప్పుడు ఆపి, ఇప్పుడు అంచనా మార్చుకుంటారా అని అడగడం ఇంకా బాగా పనిచేస్తుంది. తెలివైన అంచనాకి తెలిసిన కొలత ఆధారం ఉండాలి: పిల్లల చూపుడువేలు వెడల్పు సుమారు 1 సెం.మీ., ఏ4 కాగితం పొడుగు అంచు 29.7 సెం.మీ. ఎవరి శరీరం మీద మీటర్ ఎక్కడిదాకా వస్తుందో వాళ్లు కొలుచుకుని గుర్తు పెట్టుకుంటే అది పెద్దయ్యేదాకా పనికొస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ మళ్లీ కొలుచుకోవాలి, అంతే.

## బరువు, పట్టు (ఎంత పడుతుంది)

హ్యాంగర్‌తో చేసిన త్రాసుని నమ్మొచ్చా?

పోల్చడానికి నమ్మొచ్చు. రెండు చివర్లా ఒకేలాంటి కప్పులు, ఒకే పొడవు దారంతో కట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒక వైపు వాలితే ఇంకో వైపు కాస్త మట్టి అంటించి సరిచేయండి. వస్తువుల్ని ఇటువి అటు మార్చి తూచినా ఫలితం అదే రావాలి. ఈ సరిచూసే పని పిల్లలతోనే చేయించండి.

గ్రాము, కిలో ఎంతో చేతికి ఎలా తెలియాలి?

మామూలు 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు. అలాంటివి 200 కలిపితే ఒక కిలో. లీటరు నీళ్లు కూడా దాదాపు కిలో. రెండిటినీ చెరో చేతిలో పట్టుకోనివ్వండి. తర్వాత సంచిలో ఇసుక పోసి, కళ్లు మూసుకుని "కిలో అయింది" అనిపించినప్పుడు ఆపమనండి, తూచి చూడండి. ఎంత తేడా వచ్చిందో చూసుకుని రెండోసారి ఎలా సరిదిద్దుకుంటారో గమనించండి.

పొడుగు గ్లాసులోనే ఎక్కువ నీళ్లున్నాయని పట్టుబడుతున్నారు. ఎలా ఒప్పించాలి?

ఒప్పించకండి, పోయించండి. ఒక కప్పుతో రెండు గ్లాసులూ నింపి, ఎన్ని కప్పులు పట్టాయో లెక్కపెట్టాలి. దీనికి తోడు ఏ4 కాగితాలతో ఒక ప్రయోగం ఉంది, నాకు చాలా ఇష్టం. ఒక కాగితాన్ని నిలువుగా గొట్టంలా చుట్టండి, ఇంకోదాన్ని అడ్డంగా. అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా టేపు వేయండి. ఒకటి సన్నగా పొడుగ్గా, ఇంకోటి లావుగా పొట్టిగా ఉంటుంది. ఏది ఎక్కువ పడుతుందో ఓటు వేయించండి. పళ్లెంలో లావు గొట్టం నిలబెట్టి, దాని లోపల సన్న గొట్టం పెట్టి, సన్నదాన్ని తేలికైన పూసలతో నింపండి. ఇప్పుడు సన్నదాన్ని మెల్లగా పైకి లాగేయండి. పూసలన్నీ లావు గొట్టంలోకి దిగుతాయి, అయినా పావు వంతుకి పైగా ఖాళీ మిగులుతుంది. లావుది దాదాపు 1.4 రెట్లు ఎక్కువ పడుతుంది.

నీళ్లతో చేస్తే క్లాసంతా తడిసిపోతుంది.

ఆరుబయట చేయించండి, లేదా పొడి ఇసుక వాడండి. ఇసుకని ప్రతిసారీ అంచుకి సమంగా గీకాలి, లేకపోతే ఒకరి కప్పు కుప్పగా, ఒకరిది వెలితిగా ఉంటుంది. మిల్లీలీటర్ల గీత చదవడానికి మాత్రం నీళ్లే కావాలి. పాత్రని చదునైన చోట పెట్టి, కళ్లని నీటి మట్టానికి దించి చూడాలి.

## వైశాల్యం, చుట్టుకొలత

వైశాల్యం, చుట్టుకొలత ఎప్పుడూ కలిపేస్తున్నారు. ఏం చేయాలి?

రెండు సూత్రాలూ ఒకే వారంలో చెప్తే కలిసిపోక ఏమవుతాయి? ముందు పనులు వేరు చేయండి: చుట్టూ దారం వేస్తే చుట్టుకొలత, లోపల చతురస్రాలు పరిస్తే వైశాల్యం. తర్వాత 12 చతురస్రపు ముక్కలు ఇచ్చి రకరకాల దీర్ఘచతురస్రాలు చేయమనండి. 3 వరసల్లో 4 చొప్పున పెడితే చుట్టుకొలత 14, 2 వరసల్లో 6 చొప్పున 16, ఒకే వరసలో అన్నీ పెడితే 26. ముక్కలు ఒక్కటీ పెరగలేదు, చుట్టూ కొలత మాత్రం దాదాపు రెట్టింపు. దీన్ని తిప్పి కూడా చేయించండి. చుట్టుకొలత 16 ఉండాలంటే 4 వరసల్లో 4 పెట్టొచ్చు, ఒకే వరసలో 7 పెట్టొచ్చు. ఒకదాని వైశాల్యం 16, ఇంకోదానిది 7.

పొడవు × వెడల్పు సూత్రం ఎప్పుడు చెప్పాలి?

"ఒక వరసలో ఎన్ని, అలాంటి వరసలు ఎన్ని" అని పిల్లలే గుణించడం మొదలుపెట్టాక. అప్పటిదాకా ముక్కలు పరచడమే. మధ్యలో ఒక మెట్టు వేయండి: పైవరస, ఎడమ వైపు నిలువు వరస మాత్రమే నింపేందుకు ముక్కలివ్వండి. మిగతాది ఊహించగలిగినవాళ్లకి సూత్రం వచ్చేసినట్టే, పేరు పెట్టడమే మిగిలింది.

చదరపు మీటర్ ఎంత ఉంటుందో ఎలా చూపించాలి?

న్యూస్‌పేపర్లు అతికించి మీటరు భుజంతో చతురస్రం చేసి, అందులో ఎంతమంది నిలబడగలరో చూడండి. తర్వాత 16 ఏ4 కాగితాలు నాలుగు వరసల్లో నేల మీద పరవండి. అది చతురస్రంలా కనిపించదు, అయినా వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరే. నమ్మనివాళ్లు న్యూస్‌పేపర్ చతురస్రాన్ని కత్తిరించి దాని మీద పేర్చి చూడాలి. చదరపు మీటర్ అంటే చతురస్రాకారమే అనే అపోహ ఈ ఒక్క పనితో తొలగిపోతుంది.

## కాలం

గడియారం చూడటం వచ్చింది, కానీ అరగంట అంటే ఎంతో తెలియట్లేదు.

ఇవి రెండూ వేర్వేరు విద్యలు. నిమిషం ఎంతో ముందు ఒంటికి తెలియాలి. అందరూ కళ్లు మూసుకుని, నిమిషం అయిందనుకున్నప్పుడు చెయ్యెత్తాలి. ఆ నిమిషంలో ఎన్ని గుంజీళ్లు తీయొచ్చు, ఎన్నిసార్లు పేరు రాయొచ్చు? గడియారం నేర్పేటప్పుడు మొదట గంటల ముల్లు మాత్రమే ఉన్నది వాడండి. ముల్లు 3కీ 4కీ మధ్యలో ఉంటే "మూడున్నర అవుతోంది" అని చెప్పగలగాలి. వ్యవధి లెక్కలకి తీసివేత కంటే గీత మీద దూకడం మేలు: 9:40 నుంచి 10 వరకు 20 నిమిషాలు, అక్కడి నుంచి 10:15కి 15, మొత్తం 35. గంటలో వంద కాదు, 60 నిమిషాలే ఉండటం వల్ల మామూలు తీసివేత పిల్లల్ని తికమక పెడుతుంది.

## క్లాసు నడపడం, పరీక్షించడం

పిల్లలు ఎక్కువ, గోల ఎక్కువ. చురుకైనవాళ్లే అన్నీ చేసేస్తున్నారు.

నలుగురి జట్లు చేయండి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఒకరు సరిచూడాలి. ప్రతి వస్తువుకీ పని మారాలి. అందంగా రాస్తుందని ఒకే అమ్మాయిని ఎప్పుడూ రాసే పనిలో ఉంచితే ఆ అమ్మాయి చేతికి కొలత రాదు. అన్ని జట్లకీ ఒకేసారి ఒకే సామాను కావాలంటే గొడవే కాబట్టి, గదిలో నాలుగైదు చోట్ల వేర్వేరు పనులు పెట్టి జట్లని తిప్పండి.

రాతపరీక్షలో చేతి పనిని ఎలా అంచనా వేయాలి?

తప్పులున్న బొమ్మలు ఇవ్వండి. క్లిప్పుల మధ్య సందులున్న బొమ్మ, 3 దగ్గర మొదలైన స్కేలు, ఒక వైపు వాలిన ఖాళీ త్రాసు. "ఈ కొలతని నమ్ముతారా? ఎందుకు?" అని రెండు వాక్యాలు రాయించండి. వీలైతే ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు ఇచ్చి నిజంగా కొలిపించండి, వాళ్ల చేతులు చూడండి. 7 సెం.మీ. అనే జవాబు సరైనదే కావొచ్చు, అది ఎలా వచ్చిందో చేతులే చెప్తాయి.

చూపు సరిగ్గా లేని పిల్లలు కూడా ఈ పనులు చేయగలరా?

తప్పకుండా చేయగలరు. అట్ట స్కేలు మీద ప్రతి సెంటీమీటరుకీ దారం అడ్డంగా అంటించండి, ప్రతి అయిదోదానికి రెండు దారాలు. సున్నా దగ్గర చిన్న అట్ట అంచు నిలబెడితే వస్తువుని దానికి ఆనించి మొదలుపెట్టొచ్చు. కొలపాత్ర లోపలి గోడకి వేలితో తెలిసేలా గుర్తులు పెట్టండి. త్రాసు ఎటు వాలిందో కప్పుల అడుగున చేతులు పెట్టి చూడనివ్వండి. ఈ స్కేలు ఒకటి చేశారంటే మిగతా పిల్లలూ అడిగి తీసుకుంటారు, కాబట్టి నాలుగైదు చేసి ఉంచుకోండి.